వాసుదేవ అనని మాటలు

కాంచనకు అన్నతో అబద్ధం చెప్పడం కొత్త కాదు. కాని మైకు ముందు నిలబడి, అన్న పేరు మీద, ఊరంతా వినేట్టు చెప్పడం మాత్రం బాగేపల్లిలోనే మొదలైంది.

అన్న పేరు వాసుదేవ. పుట్టు చెవుడు. చెవులు వినపడక మాటా రాలేదు. చింతామణి బజారులో వాళ్ళ నాయన వెంకటరమణప్పకు దినుసుల అంగడి ఉండేది. వాసుదేవకు ఇరవై ఆరేళ్ళు, కాంచనకు ఇరవై మూడు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే చాప మీద పడుకొని, ఎవరూ నేర్పకుండానే చేతులతో ఒక భాష కల్పించుకున్నారు. నాలుక కొన తాకితే ఉప్పు. మీసం మెలేస్తే నాయన. పెద్దయ్యేసరికి ఆ భాషలో వాళ్ళు చెప్పుకోలేని మాట లేదు. ఇంట్లో మిగతావాళ్ళకు అందులో పది మాటలకు మించి రావు. వాసుదేవతో ఎవరికి ఏ పని పడినా "కాంచనా, వానికి చెప్పు" అనేవాళ్ళు.

అబద్ధాలు ఆ ఇంట్లోనే పుట్టాయి. వెంకటరమణప్ప చెడ్డవాడు కాదు. కాని కొడుకు చెవుడు తన పరువుకు తగిలిన దెబ్బలా అనిపించేది ఆయనకు. టోకు వ్యాపారులు వచ్చినా, చుట్టాలు వచ్చినా, "వాణ్ణి లోపలికి పొమ్మని చెప్పు. ముందర కూర్చుంటే నలుగురూ నాలుగు అడుగుతారు" అనేవాడు. కాంచన అన్న వైపు తిరిగి, కందిపప్పు జల్లించడం నీ అంత బాగా ఎవరికీ రాదంట, అందుకే నాయన లోపలికి పొమ్మంటున్నాడు అని చేతులతో చెప్పేది. వాసుదేవ ముఖం వెలిగిపోయేది. వెంటనే లేచి వెళ్ళేవాడు. మొదటిసారి అట్లా చెప్పినప్పుడు ఆమెకు పదేళ్ళు. ఆ రోజు అన్నం సహించలేదు. తర్వాత్తర్వాత అది ఆమె చేతులకు అలవాటైపోయింది.

1981లో, ఆ ఏడాది అంగవికలర వర్షమని, అంటే వికలాంగుల సంవత్సరమని, తాలూకా కచేరి గోడకు గుడ్డ బ్యానరు కట్టారు. ఆ బ్యానరును అడ్డం పెట్టుకొని ఆంజనేయప్ప ఒక నాటకాల జట్టు కట్టాడు. ఆయన బాగేపల్లి దగ్గరి రైతు కుటుంబంవాడు. చిన్నతనంలో అమ్మవారు పోసి రెండు కళ్ళూ పోయాయి. నలభై ఏళ్ళ మనిషి, హార్మోనియం బాగా వాయిస్తాడు. భజనలకు పిలిస్తే పోయి పోయి ఆయనకు విసుగు పుట్టింది.

"మనల్ని చూసి జనం అయ్యో అంటారప్పా," అనేవాడు. "అయ్యో అన్నాక ఇంక మాట్లాడేదానికి ఏముండాది? అదే కలిసి నవ్వితే పక్కన కూర్చోబెట్టుకుంటారు."

ఆయన జట్టుకు కొన్ని కట్టుబాట్లు ఉండేవి. మెట్లుండే స్టేజీ వద్దు, ఆట నేల మీదే. ముందు వరస చాపలు నడవలేనివాళ్ళకు. చూపు లేనివాళ్ళు వస్తే వాళ్ళకూ ఆట అందాలి. అంటే జరిగేది జరిగినట్టు ఎవరో ఒకరు చెప్తూ ఉండాలి. జట్టులో రెండోవాడు పాపన్న. శిడ్లఘట్ట పట్టుగూళ్ళ సంతలో పని చేసేవాడు, రెండు కర్రల మీద నడుస్తాడు. బస్సెక్కే పాట ఒకటి కట్టాడు. కండక్టరు రైట్ అనే లోపల ఒక కర్ర బస్సులో, ఒక కర్ర రోడ్డు మీద, తాను రెంటికీ నడుమ. ఆ పాటకు జనం పడి పడి నవ్వేవారు.

ఒకరోజు ఈ ఇద్దరూ సరుకులకు వెంకటరమణప్ప అంగడికి వచ్చారు. అప్పుడే ఒక ఆసామి బెల్లం రుచి చూసి, ఇంకో ముక్క రుచి చూసి, మూడో ముక్క జేబులో వేసుకొని ఏమీ కొనకుండా వెళ్ళాడు. ఆయన వీధి మలుపు తిరగగానే వాసుదేవ ఆయనగా మారిపోయాడు. ఆ నడక, ఆ చప్పరింపు, ఆ దొంగచూపు. పాపన్న కర్రలు వదిలేసి గోడకు ఆనుకొని నవ్వాడు. "ఏమైంది, ఏమైందో చెప్పురా" అని ఆంజనేయప్ప అడుగుతూనే ఉన్నాడు. కాంచన ఆయన పక్కకు వచ్చి అంతా పూసగుచ్చినట్టు చెప్పింది. ఆయన తల వంచి విని, "వీనిదొక ఆట కావల్లమ్మా. వాని చేతులు, నీ నోరు" అన్నాడు.

కొడుకును జట్టులోకి పంపమని కచేరివాళ్ళు కూడా అడిగారు కాబట్టి వెంకటరమణప్ప కాదనలేకపోయాడు. పెండ్లి కావలసిన పిల్ల ఊర్లు తిరగడమేంటని నసిగితే, తల్లి అంబుజమ్మ, "అన్న తోడు ఉండాడు గదా" అంది.

వాసుదేవ ఆట పేరు అంగడి. చెవిటివాడని తెలిసీ వాని చెవిలో నోరు పెట్టి అరిచే ఒక ఆసామి. ఇంగువ ఎట్లా అడగాలో తెలియక ముక్కు పట్టుకొని గంతులేసే ఒక ఆమె. వీడు ఎవరితోనూ చెప్పలేడు కదా అని రెండు గుప్పిళ్ళు శెనక్కాయలు నోట్లో పోసుకొనే ఒక పెద్దమనిషి. ఆ ఆటలో తెలివితక్కువ పనులన్నీ చేసేది మాటలొచ్చినవాళ్ళే. తక్కెడ పట్టుకొని ఓర్పుగా నిలబడేది అంగడివాడు. వాసుదేవ ఇన్నేళ్ళు లోపలి నుంచి చూసిందంతా అందులో ఉంది.

మొదటి ఆట శిడ్లఘట్టలో. కాంచన మైకులో ఉన్నది ఉన్నట్టు చెప్పింది. జనం నవ్వలేదు. ఆడవాళ్ళు చీర కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆట అయ్యాక ఒక ముసలామె వచ్చి వాసుదేవ గడ్డం పుణికి, "ఎంత చక్కని బిడ్డ, దేవుడు నోరీకపాయె" అని కన్నీళ్ళు పెట్టుకుంది. తిరుగు బస్సులో వాసుదేవ, వాళ్ళెందుకు నవ్వలేదని అడిగాడు. బాగా చూడాలని నవ్వు ఆపుకున్నారు అని కాంచన చెప్పింది. అతను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఈసారి నమ్మలేదని ఆమెకు తెలిసింది.

ఆ తర్వాతిది బాగేపల్లి సంత మైదానంలో. అరిచే ఆసామి ఘట్టం వచ్చింది. "చెవిటోని చెవిలో ఎంత అరిస్తే మాత్రం ఉప్పు వస్తాదా" అనాలి కాంచన. ఎదురుగా జనం ముఖాలు అప్పటికే జాలితో మెత్తబడుతున్నాయి. ఆ ముఖాలను చూడలేక, ఎక్కడి నుంచి వచ్చిందో, ఆమె నోటి నుంచి వేరే మాట జారింది.

"ఉప్పు అడిగితే పప్పు కట్టినాడు మా యన్న. పప్పు అడిగితే ఏం కడతాడో ఆ దేవునికే తెలియల్ల."

మైదానం ఒక్కసారి ఘొల్లుమంది. ముందు వరసలో ఒకాయన తొడ చరుచుకున్నాడు. వాసుదేవ అన్ని నోళ్ళు ఒకేసారి తెరుచుకోవడం చూశాడు. అతని ముఖంలో అంత వెలుగు కాంచన ఎన్నడూ చూడలేదు. ఆట ముగిశాక చేతులు జోడించి నలువైపులా దండం పెట్టాడు. ఆ తర్వాత ఆమె దగ్గరికి వచ్చి చేతులతో చెప్పాడు. నవ్వారు. నన్ను చూసి నవ్వారు.

అవునని కాంచన తల ఊపింది. ఆ మాట అబద్ధం కూడా కాదు. అదే ఆమెను ఎక్కువ పొడిచింది.

ఒక్కసారికే అనుకుంది. కాని పేరేసంద్రలో జనం ముందే నవ్వడానికి సిద్ధంగా కూర్చున్నారు. బాగేపల్లి మాట అక్కడికి చేరింది. ఆమె ఆ మాట చెప్పింది, ఇంకొకటి చేర్చింది. మురుగమల్లలో మరి రెండు. చిక్కబళ్ళాపురంలో కన్నడలోనూ కలిపి చెప్పింది. అంగడివాడు బెల్లం తూచబోయి తన చెయ్యి తూచుకున్నాడంది. నిన్న పిలిస్తే ఇవాళ పలికాడంది. శెనక్కాయలు తినే పెద్దమనిషి కూడా మారిపోయి, "పాపం, ఈ చెవిటోనికి లెక్క తెలీదని సాయం చేస్తాండాడు" అయ్యాడు. వాసుదేవ చేతులు ఒక కథ చెబితే, మైకు దాన్ని తలకిందులు చేసేది. జనం మైకునే నమ్మారు.

ఈ మోసం ఇంకెవరికీ పట్టుబడేది కాదు. ఆంజనేయప్పకు ఆమె మాటలు వినిపిస్తాయి, వాసుదేవ కనిపించడు. వాసుదేవకు జనం నవ్వు కనిపిస్తుంది, ఆమె మాటలు వినిపించవు. పాపన్న తన వంతు కోసం గుడ్డ తెర వెనక వేషం మార్చుకుంటూ ఉంటాడు. రెండు సగాలూ తెలిసినది ఆమెకు ఒక్కదానికే.

పైగా, ఒప్పుకోవడానికి సిగ్గుపడినా, ఆమెకు ఆ మైకు బాగుంది. "ఏం నోరమ్మా ఆ పిల్లది" అని ఆడవాళ్ళు అనుకుంటుంటే వింటూ నడవడం బాగుంది. ఇంతకాలం ఇతరుల మాటలు మోసిన నోరు అది. అన్న కోసమే చేస్తున్నానని మనసుకు నచ్చజెప్పుకొనేది. కొంతవరకు నిజమే. ఆ కొంత ఎంతో మాత్రం తేల్చుకొనేది కాదు.

చిక్కబళ్ళాపురం నుంచి వస్తుంటే బస్సులో ఆంజనేయప్ప ఆమె వైపు తల తిప్పాడు.

"అమ్మా, మీ అన్న నిజంగా అట్లే చేస్తాండాడా?"

"ఎట్లప్పా?"

"తన చెవుడు మీద తానే నవ్వుకుంటాండాడే. మొదట నువ్వు అంగడిలో చెప్పింది ఇంకో తీరుగా ఉండె."

"ఆయప్పే మార్చినాడు," అంది కాంచన.

ఆంజనేయప్ప తల ముందుకు తిప్పుకున్నాడు. హార్మోనియం పెట్టె మీద వేళ్ళు ఆడిస్తూ చింతామణి దాకా కూర్చున్నాడు.

కొద్ది రోజులకు అంగడిలోకి ఒక ఎరువుల వ్యాపారి వచ్చాడు. వాసుదేవను చూసి, "ఉప్పు ఇయ్యి సామీ. పప్పు కాదు, ఉప్పు" అని పొట్ట పట్టుకొని నవ్వాడు. వెనక ఉన్న ఇద్దరూ నవ్వారు. వాసుదేవ ఉప్పు పొట్లం కట్టి ఇచ్చి, వాళ్ళెందుకు నవ్వారని చెల్లెలి వైపు చూశాడు. నీ ఆట చూశారంట, చాలా మెచ్చుకుంటున్నారు అని ఆమె చేతులు చెప్పాయి. వాసుదేవ ఆ వ్యాపారికి దండం పెట్టాడు. ఆయన ఇంకా గట్టిగా నవ్వాడు. కాంచన లోపలికి పోయి మూటల మధ్య నిలబడింది. ఏడుపు రాలేదు.

చెప్పేద్దామని ఆ వారంలో మూడుసార్లు అతని ముందు కూర్చుంది. మూడుసార్లూ ఇంకేదో చెప్పి లేచింది. ఇంకోసారి ఆమె పోయేసరికి వాసుదేవ అద్దం ముందు నిలబడి ఉన్నాడు. శెనక్కాయలు నోట్లో పోసుకోక ముందే జనం ఎందుకు నవ్వుతున్నారని అంతకు ముందు మురుగమల్లలో ఆమెను అడిగి ఉన్నాడు. నీ ముఖం చూసి అని ఆమె చెప్పింది. ఇప్పుడు ఏ ముఖమో తెలుసుకోవాలని, పెదవి వంచి, కనుబొమలు ఎత్తి, ఒక్కొక్క ముఖమే పెట్టి చూసుకుంటున్నాడు. తనకు అది దొరకడం లేదు. కాంచన గడప దగ్గర నుంచే వెనక్కి తిరిగింది.

డిసెంబరులో చింతామణిలోనే ఆట పెట్టారు, హైస్కూలు మైదానంలో, సాయంత్రం ఎండ ఉండగానే. వెంకటరమణప్ప బజారు పెద్దమనుషులతో ముందు కుర్చీల్లో కూర్చున్నాడు. అంబుజమ్మ ఆడవాళ్ళ వైపు ఉంది. కాంచన మైకు పట్టుకుంది. జనం బాగా వచ్చారు. ఆమె కళ్ళు జనం మీదే ఉన్నాయి. ఏ మాటకు ఏ మూల నవ్వు లేస్తుందో, దాన్ని పట్టుకొని తర్వాతి మాట ఎక్కడ వెయ్యాలో ఆమెకు ఇప్పుడు బాగా తెలుసు. ఉప్పు మాట వేసింది. నవ్వారు. బెల్లం మాట వేసింది. ఇంకా నవ్వారు. మూడో మాట కూడా వేశాక నవ్వు మధ్యలో ఏదో తేడా తోచి పక్కకు చూసింది.

వాసుదేవ ఏమీ చెయ్యడం లేదు. చేతులు కిందికి వేలాడేసి ఊరికే నిలబడి ఉన్నాడు. ఎప్పటి నుంచి నిలబడ్డాడో ఆమెకు తెలియదు. తాను అతన్ని చూడడం ఎప్పుడు మానేసిందో కూడా తెలియలేదు. అతను జనం నవ్వునూ, ఆమె నోటినీ, మళ్ళీ జనం నవ్వునూ చూశాడు.

తర్వాత వచ్చి, ఆమె ముందున్న మైకు స్టాండును రెండు చేతులా ఎత్తి, తీసుకుపోయి మైదానం అంచున గోడకు ఆనించాడు. తిరిగి వచ్చి ఆట మొదటి నుంచి మొదలుపెట్టాడు.

మైదానంలో గుసగుసలు లేచాయి. "ఏమి జరుగుతాండాదమ్మా?" అన్నాడు ఆంజనేయప్ప, హార్మోనియం మీద చేతులు ఆపి. "ఎవరన్నా చెప్పండప్పా."

కాంచన ఆయన పక్కన నేల మీద కూలబడింది. ఆయన మళ్ళీ అడిగాడు. అప్పుడు చెప్పడం మొదలుపెట్టింది, ఆయన చెవికి మాత్రమే వినపడేట్టు, ఒక్క మాట కలపకుండా. ఒక ఆసామి వచ్చినాడు. అంగడివాని చెవిలో అరుస్తాండాడు. అరిచి అరిచి దగ్గు వచ్చింది. అంగడివాడు నీళ్ళిచ్చినాడు. ఆసామి నీళ్ళు తాగి మళ్ళీ అరుస్తాండాడు.

ఆడవాళ్ళ వైపు ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ ఆసామి ఎవరి మొగుడిలా ఉన్నాడో వాళ్ళకు తెలిసినట్టుంది. నవ్వు మెల్లగా అటు నుంచి ఇటు పాకింది. మునుపటి అంత పెద్దది కాదు. ఆంజనేయప్ప కూడా పెదవి బిగించి నవ్వాడు.

చివరన వాసుదేవ కొత్త ఘట్టం ఒకటి చేశాడు. ఇంతవరకు ఆమెకు కూడా చూపనిది. మీసం మెలేసిన ఒక పెద్దమనిషి అంగడి ముందర కూర్చున్నాడు. దూరంగా ఎవరో వస్తున్నట్టు చూశాడు. గబగబా పక్కనున్న వాణ్ణి లోపలికి తోసి, మీద గోనె కప్పి, ఆ గోనె మీద తాను కూర్చొని, వచ్చినవాళ్ళకు నవ్వుతూ దండం పెట్టాడు.

"ఇప్పుడేం చేస్తాండాడు?" అన్నాడు ఆంజనేయప్ప.

కాంచన చెప్పింది. ఎవరిదో ఆ మీసమని ఆయన అడగలేదు. మైదానంలో ఎవరూ నవ్వలేదు. వెంకటరమణప్ప తన మీసం మీదికి పోబోయిన చేతిని దించి ఒళ్ళో పెట్టుకున్నాడు.

మరుసటి రోజు ఉదయం అంగడి వెనక గదిలో వాసుదేవ ఆమెను మూట మీద కూర్చోబెట్టి, ఎదురుగా తాను కూర్చున్నాడు. చెప్పు అన్నాడు. అన్నీ.

కాంచన ఊరు ఊరుకూ, మాట మాటకూ చెప్పింది. తన చేతులు అంత బరువుగా ఆమెకు ఎప్పుడూ అనిపించలేదు. వాసుదేవ రెప్ప వేయకుండా చూశాడు. ఇంగువ అడిగిన ఆమె ముక్కు పట్టుకుంటే అంగడివాడు ముక్కుపొడి ఇచ్చాడని పేరేసంద్రలో చెప్పింది వచ్చేసరికి అతనికి నవ్వు వచ్చింది, ఆపుకోలేని నవ్వు. అది బాగుంది, నాకే తట్టి ఉండాల్సింది అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించింది.

ఉప్పు మాటకు నేను దండం పెట్టానా అని అడిగాడు.

పెట్టావు అంది.

ప్రతి ఊర్లోనా?

ప్రతి ఊర్లో.

చాలాసేపు తన అరచేతుల వైపు చూసుకున్నాడు. తర్వాత, ఎప్పటి నుంచి అని అడిగాడు. బాగేపల్లి నుంచి అని ఆమె చెప్పింది. అతను కాదని తల ఊపాడు. మీసం మెలేసి, లోపలికి పొమ్మన్నట్టు చెయ్యి ఆడించాడు. తర్వాత ఆమెను చూపించి మళ్ళీ అదే అడిగాడు, ఎప్పటి నుంచి?

అతను అడుగుతున్నది ఆటల గురించి కాదని ఆమెకు అప్పుడు అర్థమైంది. పదేళ్ళప్పటి నుంచి అంది. ఆ రోజు మధ్యాహ్నం దాకా ఇద్దరూ ఆ గదిలోనే ఉన్నారు. గుర్తున్నవన్నీ చెప్పింది. నాయన అన్నవి, చుట్టాలు అన్నవి, రెండు పెండ్లి సంబంధాలవాళ్ళు అన్నవి. గుర్తులేనివి కూడా చాలా ఉంటాయని చెప్పింది. అంబుజమ్మ రెండుసార్లు అన్నానికి పిలిచి వెనక్కి పోయింది.

ఆంజనేయప్ప దగ్గరికి తానే పోయి ఒప్పుకుంది. ఆయన అంతా విని, "నాకి బస్సులోనే అనుమానం వచ్చింది. జనం నవ్వుతాండారు గదా అని ఊరుకుంటి. నేనూ నవ్వినానమ్మా" అన్నాడు.

జట్టు చెదిరిపోలేదు. ఇప్పుడు వాసుదేవ ఆటకు మైకు లేదు. కాంచన చూపు లేనివాళ్ళ మధ్య చాప మీద కూర్చొని మెల్లగా చెప్తుంది. కొన్ని ఊర్లలో జనం విసుక్కుని లేచిపోయారు. చిక్కబళ్ళాపురంలో రెండోసారి ఆడినప్పుడు మాత్రం చివరిదాకా నవ్వారు. ఆ నవ్వు వాసుదేవ చెయ్యి ఆగిన చోట ఆగి, కదిలిన చోట లేచింది.

వెంకటరమణప్ప ఆ ఆట గురించి ఇంట్లో ఎత్తలేదు. నెల పోయాక టోకు వ్యాపారి వచ్చినప్పుడు అలవాటుగా, "కాంచనా, వానికి..." అని ఆగిపోయాడు. తానే కొడుకు వైపు తిరిగి, పక్కనున్న బెంచీ మీద అరచేత్తో తట్టాడు. వాసుదేవ ఆ చేతిని చూసి కూడా లోపలికే పోయాడు. ఇంకోసారి కూడా అంతే. మూడోసారి వచ్చి కూర్చున్నాడు, కొంచెం దూరంగా.

చెల్లెలితో మాట్లాడడం మానలేదు. డాక్టరు దగ్గరైనా, కచేరిలోనైనా ఆమే కావాలి. ఆమె ఇప్పుడు ఒక్క మాట కూడా మార్చదు, చేదుగా ఉన్నా. అయినా ఆమె చేతులు చెప్పడం ముగియగానే వాసుదేవ వెంటనే తల ఊపడు. ఒకసారి ఎదుటి మనిషి ముఖం వైపు తిరిగి, అక్కడున్నదీ ఆమె చెప్పిందీ ఒకటేనా అని చూస్తాడు. ఆ కాసేపూ కాంచన చేతులు ఒళ్ళో పెట్టుకొని, తల ఎత్తకుండా కూర్చుంటుంది.